రబ్బరు: చెట్టుది ఏది, చమురుది ఏది?



ఒక రైతు తన డీజిలు ఇంజనుకు కొత్త గొట్టము వేయించినాడనుకొనండి. అంగడిలో "మంచి రబ్బరుది ఇవ్వండి" అని అడిగి, నల్లగా దళసరిగా ఉన్నదానిని ఏరి తెచ్చుకొన్నాడు. కొద్ది వారములకే ఆ గొట్టము లోపల ఉబ్బి, మెత్తబడి, అతుకుల వద్ద డీజిలు కారసాగినది. సరిగా నీరు పెట్టవలసిన రోజున ఇంజను నిలిచిపోయినది. "కల్తీ రబ్బరు అంటగట్టినారు" అని అతడు కోపపడును. కాని అది కల్తీ కానక్కరలేదు. అది చెట్టు పాలతో చేసిన అసలైన రబ్బరే కావచ్చును. అసలైన రబ్బరు గనుకనే డీజిలుకు ఉబ్బినది.

రబ్బరు అనే పేరు ఒక్కటే అయినా, ఆ పేరుతో మన ఇంటికి వచ్చే సరుకు ఒక్కటి కాదు. కొంత చెట్టు నుండి వచ్చును, కొంత భూమి లోపలి చమురు నుండి వచ్చును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణము, ఒక్కొక్క బలహీనత ఉన్నది. ఇది తెలిసిన రైతుకు డబ్బు మిగులును. మందు చల్లే రైతుకైతే ఆరోగ్యమే మిగులును. కాబట్టి రబ్బరు ఎక్కడ పుట్టినది, ఎట్లు తయారగుచున్నది, ఏ పనికి ఏది వాడవలెను అనే సంగతులను నేడు మీకు మనవి చేయదలచినాను.

చెట్టు పాలు

జిల్లేడు ఆకు త్రుంచినా, మర్రి కొమ్మ విరిచినా తెల్లని పాలు కారుట మీరు ఎరుగుదురు. ఆ పాలను వ్రేళ్ళ మధ్య నలిపితే బంకవలె సాగును. అందులోను కొద్దిగా రబ్బరు పదార్థము ఉన్నది. ఇట్టి పాలు గల మొక్కలు ప్రపంచములో చాలా ఉన్నవి. మన అస్సాము అడవులలోని రబ్బరు మర్రి నుండి కూడా పూర్వము రబ్బరు తీసేవారు. కాని వ్యాపారమునకు నిలిచినది ఒక్క చెట్టే. దాని శాస్త్రీయ నామము హీవియా బ్రెజిలియెన్సిస్. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతపు అడవులు.

ఈ పాలు చెట్టు ఆహార రసము కాదు. బెరడులో, మాను చుట్టూ కొద్దిగా మెలి తిరిగి పైకి పోయే సన్నని గొట్టములలో ఇవి ఉండును. పాలలో సుమారు 30 నుండి 40 శాతము రబ్బరు, మిగిలినది చాలా వరకు నీరు.

మన ఊళ్ళలో కల్లు గీతను చూచినవారికి రబ్బరు గీత సులభముగా అర్థమగును. తాటి చెట్టుకు గెలను గీయుదురు, రబ్బరు చెట్టుకు బెరడును గీయుదురు. మాను చుట్టుకొలతలో సగము వరకు, ఎడమ వైపు ఎత్తుగా, కుడి వైపు పల్లముగా ఏటవాలు గాటు పెట్టి, క్రింద ఒక చిప్ప కట్టుదురు. తెల్లవారుజామున చెట్టులో నీటి ఒత్తిడి ఎక్కువగా ఉండును గనుక అప్పుడే గీయుదురు. ఎండ ఎక్కిన కొలది ధార తగ్గును. రోజు విడిచి రోజు గాని, రెండు రోజులు విడిచి గాని గీయుట వాడుక.

ఈ పనిలో నేర్పు అంతా కత్తి లోతులో ఉన్నది. పాల గొట్టములు ఎక్కువగా బెరడు లోపలి పొరలలో ఉండును. వాటి వెనుకనే మానును, బెరడును పెంచే సన్నని పొర ఉన్నది. కత్తి ఆ పొరను తాకరాదు. సుమారు ఒక మిల్లీమీటరు బెరడు మిగులునట్లు గీయవలెను. పొర చెడినచో అక్కడ బెరడు సరిగా రాక బుడిపెలు కట్టును. మరల గీయుటకు ఆ భాగము పనికిరాదు. మంచి గీతగాని చేతిలో చెట్టు పాతిక ముప్పది ఏండ్లు పాలిచ్చును. తొందరపాటుగాని చేతిలో పదేండ్లకే చెడును.

చిప్పలలోని పాలను వడగట్టి, నీరు కలిపి, ఫార్మిక్ ఆమ్లము కొద్దిగా చేర్చుదురు. తోడు వేసిన పాలవలె అది గడ్డ కట్టును. ఆ గడ్డను రోలరుల మధ్య నొక్కి పలుచని షీట్లుగా చేసి, పొగ గదిలో ఆరబెట్టుదురు. గోధుమ రంగులో ఉండే ఆ షీట్లే టైరు కర్మాగారమునకు పోవును. చేతి తొడుగులు, బెలూనులు మొదలగువాటికైతే పాలు గడ్డ కట్టకుండ అమ్మోనియా కలిపి, యంత్రములో తిప్పి చిక్కబరచి పంపుదురు.

గంధకము చేసిన మేలు

ఈ షీటును అట్లే వాడుకొనుటకు వీలులేదు. ఎండకు జిగురుగా మారును, చలికి బిరుసెక్కి పగులును. 1839లో అమెరికా దేశస్థుడు ఛార్లెస్ గుడియర్ రబ్బరులో గంధకము కలిపి వేడి చేసినచో ఈ దోషము పోవునని కనుగొన్నాడు. దీనినే వల్కనీకరణము అందురు.

ఇందులోని కిటుకు ఇది. రబ్బరు అణువులు పొడవైన దారములవంటివి. పచ్చి రబ్బరులో ఆ దారములు చిక్కుపడి ఉన్నను ఒకదానిపై ఒకటి జారిపోవును. గంధకము వాటికి అక్కడక్కడ ముడులు వేయును. విడి దారముల కుప్పను చేపల వలగా అల్లినట్లు అగును. ఇక లాగితే సాగును, విడిచితే మొదటి రూపునకు వచ్చును. ముడులు తక్కువైతే మెత్తని రబ్బరు, ఎక్కువైతే గట్టి రబ్బరు తయారగును. ఇక బొగ్గు నలుపు అనే మసిపొడి కలుపుటచే రబ్బరుకు అరుగుదలను తట్టుకొను శక్తి ఎంతో పెరుగును. టైరులన్నీ నల్లగా ఉండుటకు కారణము ఇదియే.

1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ సైకిలుకు గాలి టైరు తయారుచేసిన తరువాత రబ్బరుకు గిరాకి విపరీతముగా పెరిగినది. ఆ పేరు మన పల్లెలకు కూడ వచ్చినది. గాలి టైరుల ఎడ్లబండిని డన్‌లప్ బండి అని మన పెద్దలు పిలిచేవారు. ఇనుప పట్టా చక్రముల బండితో పోల్చినచో, టైరు బండిపై అదే జత ఎడ్లు ఎక్కువ బరువు లాగగలవు. వాటి మెడలపై భారము, బాటలపై గాడులు తగ్గినవి.

విత్తనముల ప్రయాణము, ఒక తెగులు పాఠము

1876లో హెన్రీ వికమ్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ ప్రాంతము నుండి సుమారు 70,000 రబ్బరు విత్తనములను లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. రబ్బరు విత్తనమునకు మొలక శక్తి త్వరగా పోవును. అందుచే రెండు వేల పైచిలుకు మాత్రమే మొలచినవి. ఆ మొక్కలలో ఎక్కువ భాగమును సింహళమునకు పంపినారు. అక్కడి నుండి, సింగపూరు నుండి ఆసియా అంతట రబ్బరు తోటలు వ్యాపించినవి. మన దేశములో 1902లో కేరళలోని పెరియారు నది ఒడ్డున తట్టెక్కాడు వద్ద మొదటి వ్యాపారపు తోట వేసినారు. 1947లో రబ్బరు చట్టము వచ్చినది. రబ్బరు బోర్డు కొట్టాయములో ఉన్నది. 1955లో అక్కడే రబ్బరు పరిశోధనా సంస్థ ఏర్పడినది.

పుట్టింట మాత్రము ఈ చెట్టును తోటగా పెంచుట సాధ్యపడలేదు. 1928లో హెన్రీ ఫోర్డ్ బ్రెజిలులో ఫోర్డ్‌లాండియా అనే పేరుతో పెద్ద రబ్బరు తోట ఆరంభించాడు. దక్షిణ అమెరికా ఆకు ఎండు తెగులు అనే శిలీంధ్ర వ్యాధి దానిని దెబ్బ తీసినది. అడవిలో చెట్లు దూరదూరముగా ఉండును గనుక తెగులు ఒకదాని నుండి మరొకదానికి సులభముగా పాకలేదు. తోటలో దగ్గర దగ్గరగా నాటగానే ఆకుల నుండి ఆకులకు ప్రాకినది. 1945లో ఆ తోటను బ్రెజిలు ప్రభుత్వమునకు నష్టమునకు వదలుకొనవలసి వచ్చినది.

ఆ తెగులు ఆసియాకు ఇంకను రాలేదు. కాని ఆసియాలోని రబ్బరు చెట్లలో అధిక భాగము ఆ కొద్దిపాటి మొక్కల సంతతియే. అవి ఒకే వంశపువి గనుక తెగులు వచ్చినచో తట్టుకొనుట కష్టము. ఒకే వంగడమును ఊరంతా వేసినప్పుడు వచ్చే ప్రమాదము మీకు వరిలోను, ప్రత్తిలోను తెలిసినదే. విదేశముల నుండి మొక్కను గాని, కొమ్మను గాని అనుమతి లేక తేరాదనే నిబంధన ఎందుకున్నదో దీనివలన గ్రహింపవచ్చును.

కర్మాగారపు రబ్బరు

చెట్టు లేకుండ రబ్బరు చేయవలెనని జర్మనీ, రష్యా, అమెరికా దేశముల శాస్త్రజ్ఞులు చాలా కాలము పాటుపడినారు. జర్మనీలో ఫ్రిట్జ్ హోఫ్‌మన్ 1909లో ఒక కృత్రిమ రబ్బరుకు పేటెంటు పొందినాడు. అమెరికాలో 1930లో నియోప్రీన్ తయారైనది. కాని అవసరము వచ్చి మీద పడినది 1942లోనే. ఆ ఫిబ్రవరిలో జపాను సేనలు సింగపూరును పట్టుకొన్నవి. మలయా తోటలు చేజారుటతో అమెరికాకు వచ్చే రబ్బరులో పదింట తొమ్మిది వంతులు ఆగిపోయినవి. టైరు లేనిదే లారీ లేదు, విమానము లేదు. అప్పుడు ప్రభుత్వము, కంపెనీలు, విశ్వవిద్యాలయములు కలిసి పనిచేసినవి. 1945 నాటికి ఏడాదికి 7 లక్షల టన్నులకు పైగా కృత్రిమ రబ్బరు తయారగు స్థితి వచ్చినది.

దీనిని తయారుచేయు విధము వినండి. ముడిచమురును శుద్ధిచేయగా వచ్చే నాఫ్తాను అధిక వేడిలో చీల్చినచో బ్యూటడయీన్ అనే వాయువు దొరకును. స్టైరీన్ అనే ద్రవము కూడ చమురు నుండియే తయారగును. సుమారు మూడు పాళ్ళు బ్యూటడయీన్, ఒక పాలు స్టైరీన్ సబ్బు నీటిలో కలిపి, చర్యను ప్రారంభించే రసాయనములు చేర్చి తిప్పినచో చిన్న అణువులు ఒకదానికొకటి కూడి పొడవైన దారములగును. అప్పుడు తొట్టిలో కనబడునది తెల్లని పాలే! దానిని కూడ ఉప్పు, ఆమ్లము వేసి విరుగగొట్టి రబ్బరును వేరుచేయుదురు. చెట్టు చేసిన పనినే మనిషి తొట్టిలో చేసినాడన్న మాట.

చమురు లేనిచోట ఆల్కహాలు నుండి కూడ బ్యూటడయీన్ చేయవచ్చును. యుద్ధ కాలములో అమెరికాలో ధాన్యపు ఆల్కహాలుతో చాలా భాగము చేసినారు. మన దేశములో 1963లో ఉత్తర ప్రదేశములోని బరేలీ వద్ద, చెరకు మడ్డి నుండి తీసిన ఆల్కహాలుతో కృత్రిమ రబ్బరు తయారుచేసినారు. అనగా చెరకు రైతు కూడ ఒకప్పుడు టైరుకు ముడిసరుకు ఇచ్చినవాడే. ఆ కర్మాగారము తరువాత మూతపడినది. 2013 నుండి హర్యానాలోని పానిపట్టులో చమురు నుండి ఈ రబ్బరు తయారగుచున్నది.

ఏ పనికి ఏ రబ్బరు?

ఇక మన చేతి పనికి వచ్చు సంగతి. ఈ క్రింది గుణములను గుర్తుంచుకొనండి.

చెట్టు రబ్బరు: లాగుడుకు, చీలికకు బాగా తట్టుకొనును. పదే పదే వంగినను త్వరగా వేడెక్కదు. అందుచే విమానముల టైరులు, లారీల టైరులు వంటి బరువు మోసేవాటిలో నేటికిని దీనిదే పైచేయి. కాని డీజిలు, నూనె, గ్రీజు తగిలినచో ఉబ్బి మెత్తబడును. ఎండకు, గాలికి విడిచినచో నెరెలు వారును.

స్టైరీన్ రబ్బరు: అరుగుదలను బాగా తట్టుకొనును. కారు టైరులలోను, చెప్పుల అట్టలలోను దీనిని విరివిగా వాడుదురు. నూనెకు మాత్రము ఇదియు ఓర్వదు. చాలా టైరులలో చెట్టు రబ్బరు, కృత్రిమ రబ్బరు రెండును కలిసియే ఉండును.

బ్యూటైల్ రబ్బరు: గాలిని బయటికి పోనీయదు. ట్యూబులకు ఇది శ్రేష్ఠము.

నైట్రైల్ రబ్బరు: డీజిలుకు, నూనెకు తట్టుకొనును. ఇంజను ఆయిలు సీలులు, డీజిలు గొట్టములు దీనివే కావలెను. మొదట చెప్పిన రైతు కొనవలసినది ఇదియే.

నియోప్రీన్: ఎండకు, వేడికి, కొంతవరకు నూనెకు కూడ ఓర్చును. మంచి రకము బెల్టులలో వాడుదురు.

పొలములలో నీరు పారించు రంగు రంగుల పైపును కూడ రబ్బరు పైపు అనుట వాడుకైనది. అందులో ఎక్కువ భాగము రబ్బరు కాదు, పి.వి.సి. ప్లాస్టిక్కు. డ్రిప్పు పైపులు కూడ ప్లాస్టిక్కువే. అతుకు వద్ద నీరు కారకుండ పెట్టే చిన్న గ్రోమెట్టు మాత్రము రబ్బరుది. బియ్యపు మిల్లులో మాత్రము అసలు రబ్బరు మీకు పెద్ద మేలు చేయుచున్నది. వేర్వేరు వేగములతో తిరుగు రెండు రబ్బరు రోలరుల మధ్య ధాన్యము పోవునప్పుడు ఊక ఊడి వచ్చును. పాత హల్లరు మిల్లుతో పోల్చినచో నూక తక్కువగును.

అన్నిటికన్న ముఖ్యమైనది చేతి తొడుగు. పురుగు మందు కలుపునప్పుడు కొందరు ఆసుపత్రులలో వాడు పలుచని తెల్ల తొడుగులు వేసుకొని ధైర్యముగా ఉందురు. అవి చెట్టు పాలతో చేసినవి. నూనెవంటి ద్రావకములతో తయారైన మందులు వాటిని దాటి చర్మమునకు చేరగలవు. మందు పనికి నైట్రైల్ గాని, నియోప్రీన్ గాని, దళసరి తొడుగులు, లోపల గుడ్డ అతుకనివి, మోచేతి దగ్గరకు వచ్చేవి కొనండి. వాడుటకు ముందు నీరు నింపి చిల్లులున్నవేమో చూడండి. పని ముగిసిన తరువాత చేతికి ఉండగానే సబ్బుతో కడిగి, ఆ తరువాత విప్పండి. మందు డబ్బాపై వ్రాసిన సూచనలను తప్పక పాటించండి. చేతికి పీల్చుకొన్న విషము నొప్పి పుట్టించదు గనుకనే మనము దానిని లెక్కచేయము.

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తముగా చెప్పెదను. టైరులపై చిందిన డీజిలును వెంటనే తుడవండి. బెల్టు జారినచో దానికి గ్రీజు గాని, నూనె గాని పూయరాదు, బిగువు సరిచేయవలెను. పని లేని కాలములో ట్రాక్టరు, ట్రక్కు నీడన ఉంచి, వీలైతే ఇరుసుల క్రింద దిమ్మలు పెట్టి టైరులపై బరువు తీయండి. పాత టైరులను కాల్చకండి, ఆ పొగ విషము. వానకు బయట పడవేయకండి. వాటిలో నిలిచిన నీటిలోనే డెంగ్యూ దోమ పెరుగును.

మన నేలలో రబ్బరు తోట వేయవచ్చునా?

ఇది చాలామందికి కలుగు ప్రశ్న. రబ్బరు చెట్టుకు ఏడాదికి సుమారు 2,000 మి.మీ. వాన, అది కూడ నెల నెలకు సర్దుకొని కురియుట, నీరు నిలువని లోతైన నేల, గాలిలో తేమ కావలెను. తెలుగు జిల్లాలలో చాలా చోట్ల వాన ఇందులో సగమునకు అటూ ఇటూగా ఉండును, ఎండాకాలము దీర్ఘము. తూర్పు కనుమలలోని మారేడుమిల్లి, రంపచోడవరము ఏజెన్సీ ప్రాంతములో మాత్రము కొన్ని తోటలు ఉన్నవి. మైదానపు రైతు ఎవరో చెప్పిన మాట విని మొక్కలు కొనుట తగదు.

ఇంకొక సంగతి. మొక్క నాటిన తరువాత గీతకు రావలెనన్న ఆరేడు ఏండ్లు పట్టును. అంతవరకు ఆగిన రైతు చేతికి వచ్చే ధర అతని చేతిలో లేదు. 2011లో కిలో షీటు రబ్బరు 200 రూపాయలు దాటినది. 2016 మొదట 100 రూపాయలకు దిగువన పడినది. చమురు చౌకయైనప్పుడు కృత్రిమ రబ్బరు చౌకయగును, దానితో పాటు చెట్టు రబ్బరు ధర కూడ తగ్గుట కలదు. ఎక్కడో బావిలో తోడిన చమురు ధర కేరళ, త్రిపుర రైతుల ఇంటి ఖర్చును మార్చుచున్నది.

అయినను చెట్టు రబ్బరుకు గిరాకి పోలేదు. 2022-23లో మన దేశము 8 లక్షల టన్నులకు పైగా పండించినను, వాడుక 13 లక్షల టన్నులు దాటినది. మిగిలినది దిగుమతియే. చమురు రబ్బరు వచ్చి చెట్టును తరిమివేయలేదు. చెట్టు ఉన్నదని చమురు రబ్బరు ఆగలేదు. ఒకటి బరువు మోయును, ఒకటి నూనెకు ఓర్చును, ఒకటి గాలిని పట్టి ఉంచును. ఎద్దు పని ఎద్దుది, ఆవు పని ఆవుది అన్నట్లు దేని పని దానిదే.

కాబట్టి సోదరులారా, ఇకపై అంగడికి పోయినప్పుడు "మంచి రబ్బరుది ఇవ్వండి" అని ఊరుకొనకండి. "ఇది డీజిలుకు ఓర్చునా? ఇది పురుగు మందుకు ఓర్చునా? ఇది ఏ రబ్బరు?" అని అడగండి. చెప్పలేని వర్తకుని వద్ద కొనకండి. ఈ ఒక్క ప్రశ్నకు ఖర్చు ఏమియు లేదు. అడగకపోయినచో ఇంజను ఆగిపోవచ్చును, చేతులలోనికి విషము చేరవచ్చును.